రెబెక్కా జాడీ

27 జనవరి 1985, ఆదివారం

ఈ ఉదయం ఉప్పు జాడీ అంచు మీద ఒక తేనెటీగ కూర్చుని ఉంది. జాడీలో ఉప్పు లేదు. నిన్న సాయంత్రం నేను పెట్టిన మామిడి పూత రెమ్మ ఉంది. తెల్లారేసరికి సగం రాలి గచ్చు మీద పసుపు పొడిలా పడింది. బయట తోట నిండా పూత ఉండగా ఈ తేనెటీగ పాకలోకి వచ్చి, ఈ ఒక్క రెమ్మని ఎలా కనిపెట్టిందో.

అమ్మ కూడా కనిపెట్టింది.

"పూత తుంచావా?" అంది గుమ్మంలోనే నిలబడి.

"ఒక్క రెమ్మేనమ్మా."

"ఒక్క రెమ్మంటే ఎన్ని కాయలే? మీ నాన్న చెవిన పడనియ్యకు. మందులు కొట్టించి, మంచు పట్టకుండా చూడు దేవుడా అని మేం మొక్కుకుంటుంటే ఈవిడగారు కోసుకొచ్చి కుండల్లో పెట్టుకుంటుందట."

కుండలు కావు, జాడీలు. కానీ చెప్పలేదు.

డిగ్రీ అయ్యాక నాతో ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తోచనప్పుడు నాన్నగారు ఈ ఎరువుల పాక ఇచ్చారు. "ఏదో ఒకటి పెట్టుకోనివ్వండి, పుస్తకాలు తప్ప ఇంకోటి," అన్నారు. పాత జాడీలు పెట్టుకున్నాను. అంచు విరిగిన ఉప్పు జాడీ, అడుగున ఇంగ్లీషు అక్షరాలున్న పొట్టి జాడీ, వెన్న దాచిన మట్టి దుత్త, చెవి ఊడిన నూనె కూజా. ఊళ్ళో అందరూ స్టీలు కొంటున్నారు కాబట్టి ఇవి దొరుకుతున్నాయి. యూరియా వాసన ఇంకా పోలేదు. పూత పెడితే కాస్త తగ్గింది.

కాన్వెంటులో వసంతం ఇంగ్లీషు పుస్తకంలో వచ్చేది. ఇక్కడ మాఘంలో, ముందు ముక్కుకి తెలుస్తుంది.

29 జనవరి

మైలవరం వెళ్ళాను, అన్నయ్య జీపులో. అక్కడి బడి మేష్టారి భార్య జగదాంబగారింట్లో తేనెరంగు జాడీ ఉందని విన్నాను. కొత్త స్టీలు డబ్బా ఇస్తానన్నాను.

"డబ్బా ఇచ్చి మన్ను పట్టుకుపోతావుటే పిల్లా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరూ?"

"ఉన్నారండీ."

"ఉండి ఊరుకుంటున్నారూ!"

వేలి కణుపుతో జాడీని కొట్టి చూశాను. ఖంగుమంది. లోపల ఎక్కడా నెర్రె లేదు. ఆవిడ డబ్బాని అలాగే కొట్టి చూసి, "ఇదీ మోగుతోందమ్మా, సరిపోయింది," అంది. దారంతా నవ్వుకున్నాను. నన్ను చూసి అన్నయ్య కూడా నవ్వాడు.

3 ఫిబ్రవరి, ఆదివారం

కాన్వెంటులో నాతో చదివిన రెబెక్కా వచ్చింది. సైకిలు వెనక గోనెసంచిలో ఏదో కట్టుకుని, తోట వైపు నుంచి సరాసరి పాకకే వచ్చింది.

"రెబెక్కా!" అన్నాను.

"ఇంకా రెబెక్కానేనా? అది కాన్వెంటు రిజిస్టరులో. చింతలపూడి బళ్ళో నన్ను రిబ్కమ్మ టీచరంటారు. ఇంటి దగ్గర ఉత్త రిబ్కీ."

సరే. ఇక మీదట రిబ్కమ్మ అనే రాస్తాను.

గోనె విప్పింది. నేను నేల మీద కూర్చుండిపోయాను. రంగూన్ జాడీ. మోకాలెత్తు. పాకం ముదిరిన బెల్లం రంగు. మెడ చుట్టూ తాడు దూర్చడానికి నాలుగు చెవులు, పొట్ట చుట్టూ ఉబ్బెత్తుగా ఒక పాము, దానికి కాళ్ళు. వాళ్ళ తాత రంగూన్ రేవులో కూలి చేసి, యుద్ధం రాకముందే ఓడెక్కి వచ్చాడట. తెచ్చుకున్నది ఇదొక్కటే. బట్టలన్నీ ఇందులోనే కుక్కి తెచ్చాడట.

"నాకిస్తావా?" అన్నాను. సిగ్గు లేకుండా.

"ఇవ్వను. దాచమని తెచ్చా. గుడిసె పీకేసి పెంకుటిల్లు వేస్తున్నాం. సామానంతా ఆరుబయటే ఉంది, కుక్కలు దూకుతున్నాయి. ఉగాదిలోపు కప్పు పడుతుంది. అప్పుడొచ్చి పట్టుకెళ్తా. మా అమ్మకి ఇదంటే ప్రాణం ప్రమీలా. నీ దగ్గరంటేనే ఒప్పుకుంది."

జాడీని నేనూ కొట్టి చూశాను. గుడిగంటలా మోగింది. "చర్చి గంట," అని సరిచేసింది తను.

సాయంత్రం అమ్మ చూసింది. "ఎవరిదే ఇంత జాడీ?"

"రెబెక్కాది."

"ఆ రైల్వే దొర కూతురా? ఊఁ, వాళ్ళ దగ్గరే ఉంటాయి ఇలాంటివి."

నేను అబద్ధం చెప్పలేదు. రైల్వే అనీ, దొర అనీ తొమ్మిదో క్లాసులో అమ్మే అనుకుంది. నా నోటంట రెబెక్కా అనే పేరు విని బెజవాడ రైల్వే కాలనీలో తెల్ల గౌను వేసుకున్న పిల్లని ఊహించుకుంది. నేను కాదనలేదు, అంతే.

11 ఫిబ్రవరి

పాకలో జాడీ లేదు. వెనక వసారాలో ఉంది. నిండా పండుమిరపకాయ పచ్చడి. మూతికి వాసెన గుడ్డ. పాము తల మీద కుంకుమ బొట్టు.

"అమ్మా, అది దాచమని ఇచ్చింది."

"దాస్తూనే ఉన్నాగా. ఖాళీగా దాస్తే ఒకటీ, పచ్చడితో దాస్తే ఒకటీనా? మన పెద్ద జాడీ నెర్రె ఇచ్చింది. ఆ అమ్మాయి వచ్చినప్పుడు కడిగి, ఒక సీసాడు పచ్చడి కూడా ఇచ్చి పంపిద్దాం. దొరలు కారం తింటారో తినరో."

"ఆ బొట్టెందుకు?"

"ఆదిశేషుడే పిచ్చిదానా. కనపట్టం లేదూ?"

ఆదిశేషుడికి కాళ్ళుండవు. అది కూడా చెప్పలేదు. అసలు చెప్పవలసింది అది కాదు కూడా. అమ్మ ముఖం ఎంతో సంతోషంగా ఉంది. నా వస్తువు ఒకటి ఇంట్లోకి పనికి రావడం ఇదే మొదటిసారి. ఆ సంతోషం చెడగొట్టలేకపోయాను అని రాద్దామనుకున్నాను. నిజానికి భయపడ్డాను.

నేను అబద్ధం మాత్రం చెప్పలేదు.

18 ఫిబ్రవరి

పచ్చడి అద్భుతంగా కుదిరింది. నాన్నగారు రెండుసార్లు కలుపుకున్నారు. జాడీ గుణమేనంది అమ్మ. "రైల్వే పచ్చడి వెయ్యవే, బండి బయల్దేరాలి," అంటున్నాడు అన్నయ్య పూటపూటా.

నేనూ తింటున్నాను. బాగుంది.

23 ఫిబ్రవరి

కోకిల. ఈ సంవత్సరానికి మొదటిది. ఎవరికీ చెప్పలేదు.

26 ఫిబ్రవరి, మంగళవారం

వరసగా రాస్తాను. వరసగా రాస్తే కోపం అదుపులో ఉంటుంది.

తేనెమంచు పురుగుకి మందు కొట్టడానికి కొత్త మనుషులు వచ్చారు. వాళ్ళలో రాయప్ప ఉన్నాడు, రిబ్కమ్మ నాన్న. నేను ఆయన్ని ఎప్పుడో కాన్వెంటు గేటు దగ్గర చూశాను. మధ్యాహ్నం మంచినీళ్ళకని పెరట్లోకి వచ్చాడు. అమ్మ వసారా మెట్టు మీద నిలబడి చెంబుతో పోసింది. ఆయన దోసిలి పట్టి తాగాడు. గడ్డం తుడుచుకుంటూ తల ఎత్తి జాడీని చూశాడు.

"అమ్మగారూ! ఇది మా నాయన జాడీ కాదూ?"

ఎంత సంతోషంగా అన్నాడో.

"మా రిబ్కమ్మ మీ పాపగారి కాడ పెట్టానంది గానీ, పచ్చడెట్టుకున్నారని చెప్పలేదండీ. మంచిపని చేశారు. ఉత్తినే ఉంటే జాడీ పాడైపోద్ది. ఓరి, బొట్టు కూడా ఎట్టారే! మాయమ్మ దీన్ని ఏదేను తోటలో పామనేది. బొట్టెడితే చీపురు తీసుకునేది."

నవ్వాడు. అమ్మ కూడా నవ్వినట్టే పెదవులు కదిపింది. ఆయన వెళ్ళేదాకా ఆగింది.

"రిబ్కమ్మెవరే?"

"రెబెక్కా."

అమ్మ అరవలేదు. వాసెన విప్పి లోపలికి చూసింది, ఏదో కనిపిస్తుందన్నట్టు. మళ్ళీ కట్టింది. అన్నయ్య లోపల అన్నం తింటున్నాడు. సంగతి విని, "ఇన్నాళ్ళూ తిన్నాంగా, తోకలేమైనా మొలిచాయా? కడుపులోది కూడా కక్కమంటావా ఏంటి?" అన్నాడు. అని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కంచంలో పచ్చడి ముద్ద అలాగే ఉంది.

నాన్నగారు ఒక్కమాటే అన్నారు. "రాయప్పకి తెలియనివ్వకండి. మందు సగంలో ఉంది."

మందు సగంలో ఉంది!

పచ్చడి పెంటకుప్ప మీద పోశారు. కోళ్ళు పరిగెత్తుకొచ్చి, ఒక్కసారి పొడిచి, వెనక్కి పోయాయి. అమ్మ తలంటుకుంది. నన్నూ పోసుకోమంది. పోసుకున్నాను. ఎందుకు పోసుకున్నాను?

27 ఫిబ్రవరి

పొద్దున్న వంటింట్లో అమ్మ అంది, "అంటు ఇంట్లోకి తెచ్చావు కదే. తెలిసి కూడా తెచ్చావు."

అదే సమయంలో వరండాలో నాన్నగారు ఎవరికో చెబుతున్నారు, గర్వంగా. "నాటు చెట్లు నాలుగైదు ఉన్నాయండీ, అంతే. మిగతా తోటంతా అంట్లే."

నేను రెండు గదుల మధ్య గుమ్మంలో ఉన్నాను. రెండు మాటలూ రెండు చెవుల్లో పడ్డాయి. చిన్నరసం కొమ్మని పరాయి మొక్కకి కోసి కట్టి, రెండిటి పాలూ కలిసేదాకా కాపలా కాస్తే అది అంటు, దానికి రేటెక్కువ. రాయప్ప నాన్న బట్టలు కుక్కి తెచ్చిన జాడీ అయితే అదీ అంటు, దానికి పెంటకుప్ప. కిందటేడు మా చిన్నరసాలకి అంట్లు కట్టడానికి నర్సరీ నుంచి వచ్చినవాళ్ళు రాయప్ప పేటవాళ్ళే. ఆ చెట్ల కాయలు కోసేముందు మేం తలంటుకోము.

ఎవరితో అనను ఇది? జాడీలతోనా?

2 మార్చి

జాడీని గొడ్ల సావిట్లో పెట్టారు. దూడ దాన్ని నాకుతోంది, ఉప్పు కోసం. మెడ చెవికి పలుపుతాడు చుట్టుకుంటే దొర్లిపోతుంది. రోజుకి నాలుగైదుసార్లు వెళ్ళి చూస్తున్నాను. పాకలోకి తెచ్చుకుంటానంటే "వద్దు, అదక్కడే ఉండనీ," అంది అమ్మ.

నాకు కోపం లేదు. ఉగాదికి రిబ్కమ్మ వస్తుంది, ఇచ్చేస్తాను, అయిపోతుంది.

9 మార్చి, శనివారం

బెజవాడ నుంచి వెంకటకృష్ణారావుగారు వచ్చారు. ఏటా పూత మీదో పిందె మీదో తోటలు కొనే ఆసామి. ఈసారి మా తోట చూడటానికి వచ్చారు. పిందె బఠాణీ గింజంత ఉంది. చూసి, తల ఊపి, తిరిగొస్తూ సావిడి ముందు ఆగిపోయారు.

"ఇదేంటండీ పున్నారావుగారూ, గొడ్ల దగ్గర పడేశారు? డ్రాగన్ జాడీ! మద్రాసులో పెద్ద హోటలు హాల్లో చూశాను ఇలాంటిది. చుట్టూ తాడు కట్టారండీ, ఎవరూ తాకకుండా."

ఎవరూ తాకకుండా. ఆ మాటకి అమ్మ గుమ్మంలోంచి ఇవతలికి వచ్చింది.

ఆయన కాఫీ తాగుతుండగానే జాడీ హాల్లోకి వచ్చేసింది. చింతపండుతో తోమి, పసుపునీళ్ళతో కడిగి. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడకుండా, కడుగుతూనే చెప్పింది. "మట్టిదైతే పారెయ్యాలి. పింగాణీకి అంటు లేదు. మా అమ్మమ్మ కూడా అదే చెప్పేది."

మరి పచ్చడి? పచ్చడేం చేసింది? తలంట్లు దేనికి? ఆ అమ్మమ్మ మాట పదకొండు రోజుల క్రితం ఎక్కడ పడుకుంది?

నాన్నగారు స్వయంగా తోటలోకి వెళ్ళారు. ఆలస్యంగా పూసిన బంగినపల్లి చెట్టు నుంచి చేయంత కొమ్మ నరుక్కొచ్చారు, పూతతో సహా. నేను ఒక్క రెమ్మ తుంచితే కాయలు లెక్కపెట్టిన ఇల్లు ఇది. "మా అమ్మాయి బాగా పెడుతుందండీ. రాణీ, ఇలా రా." ఇంట్లో నా పిలుపు పేరు అది.

వెళ్ళాను. పెట్టాను. కొమ్మని కాస్త వంచి, ఎర్ర చిగుళ్ళు ముందుకి వచ్చేలా, పాము తల కనిపించేలా. చాలా అందంగా పెట్టాను. అది కూడా ఇక్కడ ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

17 మార్చి, ఆదివారం

రిబ్కమ్మ వచ్చింది. తోట వైపు నుంచి కాదు, వీధి గుమ్మం నుంచి. ఆకుపచ్చ చీర, చేతిలో గొడుగు. నన్ను అడగలేదు. మెట్ల కింద నిలబడి నాన్నగారికి నమస్కారం పెట్టింది.

"రాయప్ప కూతురివా? టీచరు ఉద్యోగమటగా. సంతోషమమ్మా."

"ఇంటి కప్పు పడిందండీ. జాడీ తీసుకెళ్దామని వచ్చాను."

అమ్మ తలుపు చాటు నుంచి తనని పైకీ కిందికీ చూసింది. "ఈవిడేనా రెబెక్కా?" అంది, నాతోనో తలుపుతోనో.

"జాడీ ఇక్కడే ఉండనియ్యమ్మా," అన్నారు నాన్నగారు. గొంతులో కోపం లేదు. మంచిగానే చెప్పారు. అదే నాకు ఎక్కువ మంట. "మీకు కావలసింది వాడకానికేగా. రెండు స్టీలు బిందెలిస్తాం, కొత్తవి. పట్టుకెళ్ళు."

"అది మా తాతదండీ."

"మీ ఇంట్లో పిల్లాజెల్లా. పగిలిపోద్ది. ఇక్కడైతే చూడు, హాల్లో పెట్టుకున్నాం."

అన్నయ్య అందుకున్నాడు. "స్టీలు ఇచ్చి జాడీ తీసుకోవడం మా రాణీ చేసే బేరమేగా. మైలవరంలో చెయ్యలేదూ? ఊరంతా ఒప్పుకున్నారు, నీకేంటమ్మా?"

రిబ్కమ్మ నన్ను చూసింది. "ప్రమీలా. నువ్వు చెప్పు."

నేను జాడీ పక్కనే నిలబడి ఉన్నాను. ఇది దాచమని ఇచ్చింది అని ఒక్క వాక్యం. కాన్వెంటులో ఎలొక్యూషన్ కప్పు తనకే ఎందుకు వచ్చేదో, నాకెందుకు చెమటలు పట్టేవో తనకి తెలుసు. తెలిసినా ఎదురుచూసింది. నేను ఎంతసేపటికీ నోరు తెరవలేదు.

"బిందెలు మీ దగ్గరే ఉంచుకోండి సార్," అంది చివరికి. "వచ్చినవాళ్ళకి పైనుంచి నీళ్ళు పొయ్యడానికి పనికొస్తాయి."

గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. "చూశావా పొగరు! చదువులొచ్చి," అంది అమ్మ. అన్నయ్య నవ్వాడు గానీ సరిగ్గా నవ్వలేకపోయాడు.

18 మార్చి

నిన్నటికి కావలసిన మాటలు ఇవాళ బోలెడు వచ్చాయి. పొద్దుటి నుంచీ గోడలకి చెబుతున్నాను.

పాకలోకి వెళ్ళాను. ఉప్పు జాడీ, పొట్టి జాడీ, జగదాంబగారి తేనెరంగు జాడీ. ప్రతిదాని వెనకా ఒక స్టీలు డబ్బా. నేను బలవంతం చెయ్యలేదు, వాళ్ళు సంతోషంగానే ఇచ్చారు. నాన్నగారు కూడా నిన్న బలవంతం చెయ్యలేదు, బిందెలిస్తానన్నారు. అదే మాట, అదే మర్యాద. నేను నేర్పిన బేరం.

ఒక్కటైనా పగలగొడదామనిపించింది. దుత్త చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ దాని చోట దాన్ని పెట్టి, దుమ్ము తుడిచాను.

20 మార్చి

తోట వెంకటకృష్ణారావుగారికే ఖాయమైంది. ఉగాది నాడు మంచిరోజని వస్తారట. "ఆయన జాడీ మీద మనసు పడ్డాడు. పోయేటప్పుడు కార్లో ఎక్కిద్దాం," అన్నారు నాన్నగారు భోజనాల దగ్గర.

"అది మనది కాదు కదండీ," అన్నాను.

"ఏంటీ?"

కంచంలోకి చూసి అన్నాను కాబట్టి వినపడలేదు.

"ఏం లేదండీ."

ఏం లేదండీ! నా సమాధి మీద ఇదే చెక్కించాలి.

22 మార్చి, శుక్రవారం. ఉగాది

ఇప్పుడు సాయంత్రం.

వేకువనే అమ్మ లేపింది. వేపపూత తెమ్మంది, హాల్లో జాడీ సర్దమంది. చేశాను. మామిడి చిగుళ్ళు, వేపపూత, అడుగున నీళ్ళు. అన్నయ్య పంచాంగం తిరగేసి, "కొత్త సంవత్సరం పేరు క్రోధనట. రాణీ, నీ పేరు మీదే వచ్చిందే. మూతి చూడు," అన్నాడు. ఉగాది పచ్చడి పెట్టారు. నాకు చేదే తగిలింది, మిగతావి ఉన్నాయో లేవో.

పదింటికి కారొచ్చింది. వెంకటకృష్ణారావుగారు తెల్ల పంచె, జరీ కండువా. ఆయన రాగానే జాడీ చుట్టూ ఒకసారి తిరిగారు. పాము వీపు మీద చెయ్యి వేసి నిమిరారు.

"ఇదంతా మీ సేకరణటగా అమ్మా. ఎక్కడ దొరికింది ఇది?"

నేను నోరు తెరిచేలోపు నాన్నగారే చెప్పారు. "బెజవాడలో ఎవరో రైల్వే దొరలదండీ. మా అమ్మాయికి కాన్వెంటు స్నేహితురాలు. రెబెక్కా అని."

నాన్నగారికి తెలుసు. ఆ మెట్ల కింద నిలబడ్డ మనిషితో ఆయనే మాట్లాడారు. అయినా ఎంత నున్నగా వచ్చింది ఆ మాట. నేను ఇన్నేళ్ళు కాదనకుండా దాచిపెట్టిన మాట, పండగ పూట, నాన్నగారి నోట్లోంచి. నేను అబద్ధం చెప్పలేదు, చెప్పలేదు అని ఈ పుస్తకం నిండా రాసుకున్నాను. చెప్పడానికి మనుషుల్ని తయారు చేసి పెట్టాను.

"కాదండీ," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది, పెద్దగా, కాస్త బొంగురుగా.

"రైల్వే దొరలు ఎవరూ లేరండీ. పేటలో రాయప్పగారిది ఈ జాడీ. వాళ్ళ నాన్న రంగూన్ నుంచి తెచ్చుకున్నాడు. ఆయన కూతురు రిబ్కమ్మ, ఇల్లు కట్టుకుంటూ, నన్ను దాచమని ఇచ్చింది. మొన్న వచ్చి అడిగింది. మేం ఇవ్వలేదు."

"రాయప్పగారేంటే?" అంది అమ్మ. అంత జరుగుతుంటే అమ్మకి వినపడింది ఆ 'గారు'.

"రాణీ, లోపలికి పో," అన్నాడు అన్నయ్య.

వెంకటకృష్ణారావుగారు చెయ్యి పాము మీంచి తీసేశారు. కండువాతో తుడుచుకున్నారో, ఊరికే సర్దుకున్నారో నాకు తెలియదు. నాన్నగారు మాత్రం అటే చూశారు. "పోనివ్వండి పున్నారావుగారూ, పిల్లలు, పాతసామాన్లు... మనం తోట సంగతి చూసుకుందాం," అన్నారాయన.

నేను కొమ్మలు పీకి గచ్చు మీద పడేశాను. నీళ్ళు కిటికీలోంచి బయటికి పోశాను. జాడీని ఎత్తి నడుము మీద పెట్టుకున్నాను. తడిగా, చల్లగా ఉంది. వీధి గుమ్మం వైపు నడిచాను. అన్నయ్య రెండడుగులు వేసి ఆగిపోయాడు. బయటివాళ్ళ ముందు ఆడపిల్ల చేతిలోది లాక్కోవడం మా ఇంటి మర్యాద కాదు. ఆ మర్యాద ఒక్కసారి నాకు పనికొచ్చింది.

"పండగ పూట ఆ పేటలోకి పోతావా? మళ్ళీ ఈ గడప ఎలా తొక్కుతావో చూస్తాను," అంది అమ్మ వెనక నుంచి.

"తలంటుకుని తొక్కుతానులే," అన్నాను. వెనక్కి తిరగకుండా.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. తోట గట్టు మీదుగా నడిచాను. పిందెలు రాలి కాళ్ళ కింద పడుతున్నాయి. రెండు చోట్ల జాడీ దించి చెయ్యి మార్చుకున్నాను. ఎదురొచ్చినవాళ్ళు ఆగి చూశారు. ఒకావిడ, "కావిడి మనిషినైనా పెట్టుకోలేదా పాపగారూ?" అంది.

రిబ్కమ్మ అమ్మ మగ్దలేనమ్మ కొత్త గోడకి సున్నం వేస్తోంది. కుంచె పడేసి పరిగెత్తుకొచ్చి జాడీని అందుకుంది. నన్ను పలకరించలేదు. ముందు నేల మీద పెట్టి, చుట్టూ తడిమి, వేలి కణుపుతో కొట్టింది. మోగింది. అప్పుడు మూతిలో ముక్కు పెట్టి చూసింది.

"కారం వాసనొస్తందే రిబ్కీ! పచ్చడెట్టినట్టున్నారు."

"పెట్టి పారబోశారులే," అంది రిబ్కమ్మ గుమ్మంలోంచి. తనకెలా తెలిసిందో. పేట మొత్తానికి తెలిసే ఉంటుంది. రాయప్ప కూడా తెలిసే మందు పూర్తి చేసి వెళ్ళాడేమో.

"అయ్యో, పారబొయ్యడమెందుకు," అంది మగ్దలేనమ్మ. నిజంగానే పచ్చడి గురించి బాధపడింది.

రిబ్కమ్మ నా దగ్గరికి రాలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. "రిక్షా దొరకలేదా?" అంది.

"వెతకలేదు."

"మీ నాన్న పంపించాడా?"

"లేదు."

"మరి ఆ ఆదివారం నోరెక్కడ పోయింది ప్రమీలా?"

నిలబడ్డాను. తను కూడా నన్ను అలాగే నిలబెట్టి ఉంచింది. నాకు కోపం రాలేదు. ఇన్ని రోజుల్లో కోపం రాని నిమిషం అదొక్కటే. తర్వాత లోపలికెళ్ళి పీట తెచ్చి నా ముందు వేసింది. కూర్చోమని అనలేదు. కూర్చున్నాను.

ఇంటికి వచ్చాను. హాల్లో కొమ్మలు ఎవరూ తీయలేదు, అలాగే ఉన్నాయి. నేనూ తియ్యను.

రిబ్కమ్మ వాళ్ళ పేట మా తోట గట్టు దిగితే వచ్చే మొదటి పేట. ఇవాళ ఇల్లు ఎక్కడో తెలియక ఇద్దర్ని అడిగాను. ఆరో క్లాసు నుంచి స్నేహం మాది. నేను వాళ్ళింటికి వెళ్ళడం ఇదే మొదటిసారి.